లర్బీ పట్టిన శుక్రవారం ఉపవాసం

ఆ శుక్రవారం పొద్దున లర్బీ మూడు గుడ్లు, గుప్పెడు ఆలివ్ కాయలు తిని, సోమవారం దాకా పిండిపదార్థం ముట్టనని భార్య మీమూనాకు మాటిచ్చాడు. సోమవారం రక్తపరీక్ష. షుగర్ దిగకపోతే ఇక రోజూ సూదేనని డాక్టరమ్మ తేల్చేసింది. సూది పేరెత్తితేనే లర్బీ గుమ్మం దాటేస్తాడు. ఆవిడిచ్చిన ఆహారపట్టికలో రొట్టె, బంగాళాదుంప ఆవిడే కొట్టేసింది. పంది మాంసం, వైన్ పోసి వండిన చేప లర్బీ కొట్టేశాడు. చివరికి గట్టిగా మిగిలినవి గుడ్లు.

చిక్కల్లా మధ్యాహ్నం జుమా నమాజు తర్వాత వచ్చింది. రోటర్‌డామ్‌లో వాళ్ల వీధి మగవాళ్లంతా ప్రతి శుక్రవారం హాజ్ బుజియాన్ ఇంట్లో ఒకే పళ్లెం చుట్టూ చేరి కూస్‌కూస్ తింటారు. కూస్‌కూస్ అంటే ఆవిరిలో ఉడికించిన గోధుమరవ్వ, గుట్టగా పోసి ఉంటుంది. పెద్దాయన హాజ్ మాత్రం ఏనాడూ కూర్చోడు, గరిటె పట్టుకుని అందరికీ పులుసు పోస్తుంటాడు.

"చెయ్యి పెట్టవేమయ్యా?" అన్నాడు హాజ్.

షుగర్ అంటే చాలు, ఆ వీధిలో ఇంటికో వైద్యుడు లేస్తాడు. "ఉపవాసం, హాజ్‌గారూ" అనేశాడు లర్బీ, మూడు గుడ్లు తిన్న నోటితోనే.

"మాషా అల్లా! అయినా శుక్రవారం ఒక్కటే ఉండకూడదుగా. నిన్నున్నావా, రేపుంటావా?"

నిన్న వీళ్ల ముందే టీ తాగాడు. "రేపుంటానండీ."

ఉపవాసికి తిండి పెట్టి ఉపవాసం విడిపించినవాళ్లకూ అంతే పుణ్యమంటారు. ఇంత చవగ్గా దొరికే పుణ్యాన్ని ఎవరు వదులుకుంటారు! పొద్దుగుంకేసరికి లర్బీ గుమ్మంలో ఖర్జూరాలు, శనగల సూపు, తేనెలో ముంచిన మిఠాయిలు బారులు తీరాయి. తెచ్చినవాళ్లు అతను తినేదాకా కదల్లేదు. శనివారం లర్బీ సిగ్గుపడి నిజంగానే పస్తున్నాడు. సాయంత్రం పళ్లేలు రెట్టింపయ్యాయి.

"ఇంతకంటే ఆ కూస్‌కూసే నయం కదయ్యా!" అని మీమూనా నెత్తి కొట్టుకుంది.

ఆదివారం హాజ్ స్వయంగా వచ్చాడు. "సోమవారం ఉపవాసం ఇంకా శ్రేష్ఠం. ఇద్దరం ఉందాం." పరీక్షకు ఏమీ తినకుండా రమ్మన్నారు, ఉపవాసముంటే అదీ కలిసొస్తుంది కదా అని లర్బీ ఎగిరి గంతేశాడు. ఉపవాసం తెల్లారితేనే మొదలు, ఆలోగా తినొచ్చు కనుక తెల్లవారుజామున హాజ్ పొరల రొట్టెలు, తేనె పట్టుకొచ్చి, "నేను ఇంట్లో తినేశాలే" అంటూ లర్బీచేత కొసరి కొసరి తినిపించాడు. ఆసుపత్రికీ తోడొచ్చాడు.

"ఏమీ తినలేదు కదా?" అంది నర్సు.

"తెల్లారినప్పటి నుంచి చుక్క నీళ్లు కూడా ముట్టలేదమ్మా" అన్నాడు లర్బీ.

"తెల్లారకముందు?"

"ఆరు రొట్టెలు, గిన్నెడు తేనె. దగ్గరుండి నేనే తినిపించా" అన్నాడు హాజ్ గర్వంగా.

నర్సు కాగితం మడిచేసింది. "షుగర్ పరీక్షండీ ఇది! వచ్చే సోమవారం రండి. ఒక్క పూట ఉపవాసం ఉండలేరా?"

లర్బీ తల దించుకున్నాడు. హాజ్ మాత్రం అతన్ని వరండాలోకి లాక్కెళ్లి గొంతు తగ్గించాడు. "షుగరా? ముందే చెప్పొద్దటయ్యా! నాకు పదేళ్లుగా ఉంది. ఊరికే పట్టుకున్నాననుకున్నావా ఆ గరిటె?"

తర్వాతి శుక్రవారం లర్బీ చేతికీ ఒక గరిటె వచ్చింది. సోమవారం షుగర్ దిగింది, సూది తప్పింది.

ఇప్పుడు ఆ ఇంట్లో పులుసు పోసేవాళ్లు నలుగురు, తినేవాళ్లు ముగ్గురు.