అరువు కష్టాలు

ఆ ఉదయం పెద్ద మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఈలోగా ఓ ఇరవై మంది పిల్లలకు కష్టాలు రావాలి. అంతే.

సంగతేమిటంటే, ఆ సర్కారు మిడిల్ స్కూల్లో మూడువందల మంది పిల్లలకూ కలిపి ఒక్కరే కౌన్సెలర్. పిల్లలు ముద్దుగా కబుర్ల టీచర్ అంటారు. మెట్ల మీదా, కుళాయి దగ్గరా ఎక్కడ పడితే అక్కడ వాళ్ళ గోడు వింటుంది గానీ, విన్నది రాసిపెట్టదు. "నమ్మి చెప్పింది పుస్తకాలకెక్కిస్తే మళ్ళీ నోరు విప్పుతారా మేడమ్?" అంటుంది. మాట బంగారమే, రిజిస్టరు మాత్రం బోడి. అది చూసి, ఆమె గదికి ఎవరూ రావడం లేదనీ, ఆ పోస్టు దండగనీ పైవాళ్ళు తేల్చారు. ఇవాళ ఇన్‌స్పెక్టర్ కూడా కళ్ళారా చూసి ఔనంటే, సాయంత్రానికి కబుర్ల టీచర్ ఉద్యోగం ఊడినట్టే.

స్కూల్లో మొత్తం పది క్లాసులు. క్లాసుకు ఇద్దరేసి పిల్లలను తొమ్మిదిన్నరకు కౌన్సెలర్ గదికి పంపవలెనని పెద్ద మేడమ్ సర్క్యులర్ పుస్తకంలో రాసి అటెండరుకిచ్చింది. కబుర్ల టీచరుకు మాత్రం చెప్పలేదు. చెబితే ఆ మనిషి చచ్చినా ఒప్పుకోదు.

ఆ స్కూల్లో సర్క్యులర్ అంటే సంతకం పెట్టేదే గానీ చదివేది కాదు. సారాంశం అటెండరే నోటితో చెబుతాడు. "పిల్లల్ని కబుర్ల టీచర్ దగ్గరికి పంపాలట సార్."

"ఎంతమందినయ్యా?" అన్నాడు లెక్కల మాస్టారు సంతకం గీకేసి.

"అదంతా లోపల రాసుంది సార్" అంటూ అటెండరు పుస్తకం మూసి పక్క క్లాసుకు నడిచాడు.

లెక్కల మాస్టారు బోర్డు వైపు నుంచి తిరిగి, "కష్టాలున్నవాళ్ళు లేచి నిలబడండి" అన్నాడు. లెక్కల క్లాసు కదా, అందరూ లేచారు. వాళ్ళు బిలబిలా వెళ్ళడం కిటికీలోంచి చూసిన సైన్సు టీచర్, మా పిల్లలేం తక్కువ తిన్నారా అని తన క్లాసు మొత్తాన్నీ పంపింది. డ్రిల్లు మాస్టారు రెండు క్లాసులు సాగనంపి హాయిగా టీకి వెళ్ళాడు.

ఇంకేం! వరస గది ముందు మొదలై, వరండా చుట్టి, మెట్లు దిగి గేటు దాకా పాకింది. లోపలికెళ్ళాలంటే చేతిలో ఒక కష్టం ఉండాలని పిల్లలకు అర్థమైంది. లేనివాళ్ళు బిక్కమొహాలు వేశారు. వరసలో ఉన్న ఒక రెండు జడల అమ్మాయికి జాలేసి పక్క పిల్లాడితో అంది.

"మా బామ్మ గురకపెడుతుంది, నిద్ర పట్టదు. అది నువ్వు తీసుకోరా. నాకింకా మూడున్నాయి."

"మళ్ళీ ఇచ్చెయ్యాలా అక్కా?"

"అక్కర్లేదు, ఉంచుకో."

అడిగినవాళ్ళకల్లా ఆ బామ్మనే పంచిపెట్టింది. తొందరగా గదిలోకెళ్ళిన మొదటి ఏడుగురూ ఆ బామ్మతోనే వెళ్ళారు.

పదిన్నరవుతుండగా, ఇన్‌స్పెక్టర్ ఇంకా రాలేదేమా అని పెద్ద మేడమ్ బయటికొచ్చింది. "ఇరవై మందిని రమ్మంటే ఊరంతా దిగిందేమిటయ్యా! పొండిరా క్లాసులకి!"

"మా వంతు పోతుంది మేడమ్" అన్నారు పిల్లలు. ఒక్కడు కదిలితే ఒట్టు.

అంతలో తలుపు తెరుచుకుంది. కబుర్ల టీచర్ ముఖం పాలిపోయి ఉంది. "మేడమ్, ఈ స్కూల్లో ఏదో ఘోరం జరుగుతోంది! రెండువందల మంది ఒకేసారి కుమిలిపోతున్నారంటే మాటలా? ఇన్‌స్పెక్టరు గారు రానివ్వండి, నేనే ఫిర్యాదు చేస్తాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఔనంటే పెద్ద మేడమ్ కొంప మునుగుతుంది, కాదంటే కబుర్ల టీచర్ కొంప. అయినా ఆ పాలిపోయిన ముఖం చూసి పెద్ద మేడమ్ మనసు ఆగలేదు.

"ఏ ఘోరమూ లేదు తల్లీ. ఈ కష్టాలన్నీ తెప్పించింది నేనే. నీ ఉద్యోగం పోతుందేమోనని."

"ఓహో! అయితే పోస్టు దండగే అన్నమాట" అంది వరస మధ్యలోంచి ఒక గొంతు.

అందరూ అటు తిరిగారు. ఫైలు చంకలో పెట్టుకుని ఇన్‌స్పెక్టర్! "వచ్చి అరగంటైంది. వరసలో రమ్మని మీ పిల్లలు గేటు దగ్గరే ఆపేసి, తర్వాత జాలిపడి ఇక్కడిదాకా జరగనిచ్చారు. నాకూ ఒక బామ్మను అంటగట్టారు."

కబుర్ల టీచర్ ఇదేమీ పట్టించుకోలేదు. "బామ్మ సంగతి అబద్ధమా?" అంది అయోమయంగా. "మరి బామ్మ అయిపోయాక వాళ్ళు చెప్పినవో?"

రెండు జడల అమ్మాయి చెయ్యెత్తింది. "అవి నేనివ్వలేదు టీచర్. నేనిచ్చింది బామ్మ ఒక్కటే."

అప్పటికే లోపలికెళ్ళొచ్చిన ఏడుగురూ తలలు వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నారు.

"ఏం చెప్పారమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా.

"అది మీకు చెప్పను సార్."

ఇన్‌స్పెక్టర్ ఆ ఏడుగురినీ, తర్వాత గేటు దాకా ఉన్న వరసనీ చాలాసేపు చూశాడు. ఫైలు గోడకానించి రాయడం మొదలుపెట్టాడు. "మూడువందల మందికి ఒక్కరేమిటండీ, అన్యాయం కాదూ? ఈ పోస్టు ఉంటుంది. ఇంకొకటి కూడా కావాలని రాస్తున్నాను."

పిల్లలు వేసిన కేకలకు డ్రిల్లు మాస్టారు టీ ఒలకబోసుకుని పరిగెత్తుకొచ్చాడు. కబుర్ల టీచర్ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, ఎనిమిదోవాణ్ణి లోపలికి పిలిచింది.

మధ్యాహ్నానికి వరస తరిగాక, ఒక్క మాట థాంక్స్ చెప్పి వస్తానని ఆ గదిలోకి వెళ్ళిన పెద్ద మేడమ్, రెండు పీరియడ్లు దాటాక బయటికి వచ్చింది.