అద్దంతో కలిపి

ఆ ఉదయం ఆకాశంలో మబ్బు తునక లేదు. ఏడు గంటలకే సూర్యుడు పూర్తి స్థాయిలో విధుల్లో చేరాడు. ముఖహాజరు యాప్ లేకుండానే వేళకు వచ్చేది పల్నాడులో ఆయనొక్కడే. అటువంటి శుభవేళ మండల విద్యాధికారి ధనుంజయరావు గారు ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో చారిత్రక ప్రకటన చేశారు.

"మన ఒకటి, రెండు తరగతుల పిల్లలు పలక వదిలి క్లౌడ్‌లోకి ప్రవేశిస్తున్నారు. ప్రతి ఒక్కరికీ డిజిటల్ పోర్ట్‌ఫోలియో. అందులో రోజూ విద్యార్థి ప్రతిబింబం అప్‌లోడ్ చేయవలెను."

క్లౌడ్ అంటే మబ్బని తెలిసిన గ్రేస్ టీచరు కిటికీలోంచి మరోసారి పైకి చూసింది. ఏమీ లేదు.

ఆమెది నల్లరాళ్ళపాలెం బడి. మాచర్ల బస్సు ఆగకుండా పోయే ఊరు. ఒక గది, ఒక టీచరు, పదకొండు మంది పిల్లలు. ఇరవై మంది కంటే తక్కువున్న బడిని రోడ్డవతలి ఊరి బడిలో కలిపేస్తారని వేసవి నుంచి వింటూనే ఉంది. ఆ రోడ్డు మీద నాపరాళ్ళ లారీలు తిరుగుతాయి. వాటికి బ్రేకులున్నదీ లేనిదీ డ్రైవర్లకే తెలియదు. ఆరేళ్ళ పిల్లలు ఆ రోడ్డు దాటడం గురించి గ్రేస్ ఆలోచించబోయి, ప్రతిసారీ మధ్యలోనే ఆపేస్తుంది.

ఆమె సారుకు ఫోన్ చేసింది.

"ప్రతిబింబం అంటే ఏంది సార్? నేర్చుకున్నదాని గురించి పిల్లలే ఆలోచించి చెప్పడమా?"

ధనుంజయరావు గారు లోతైన మనిషి. లోతుకు వెళ్ళి రావడానికి కాస్త సమయం తీసుకున్నారు.

"అమ్మా, ఆర్డర్లో ఆలోచన అనే మాట ఎక్కడన్నా ఉందా?"

"లేదు సార్."

"ప్రతిబింబం దేంట్లో కనపడుద్ది?"

"అద్దంలో సార్."

"మరింకేంది? అద్దం పెట్టు, ఫొటో తియ్యి."

విద్య కోసం దేనికైనా సిద్ధపడే బడి కమిటీ ఛైర్మన్ బసవయ్య తన ఇంటి బీరువా అద్దం తలుపే ఊడదీయించి మోయించుకొచ్చాడు. అద్దం పైన 'బసవయ్య బహూకరణ' అని ఎర్ర రంగుతో రాయించాడు. రెండో తరగతి ఆస్మా పలక పట్టుకుని అద్దం ముందు నిలబడింది.

"టీచర్, నా 'అ' తిరగబడింది."

"ఉండనీయమ్మా."

"తప్పు గదా?"

"పైవాళ్ళకి అట్టాగే కావాలంట."

వారం తిరక్కుండా సారు నుంచి ఫోన్ వచ్చింది. గొంతులో పండగ.

"గ్రేస్ గారూ, చానా గొప్ప పని చేశారమ్మా! యాప్‌లో మీ బడి ఇరవై రెండు మంది! రెట్టింపు!"

"సార్, అది అద్దంలో..."

"యాప్ మొహాలు లెక్కపెట్టింది. యాప్ అబద్ధం చెప్పుద్దా?"

రోడ్డు మీద లారీ ఒకటి గోడలు అదిరేట్టు పోయింది. గ్రేస్ అది పోయేదాకా ఆగింది.

"చెప్పదు సార్."

ఆ విధంగా బడి నిలబడింది. సరుకులు ఇరవై రెండు మందికి వచ్చాయి. వంట చేసే వీరరాఘవమ్మ గుడ్ల అట్ట ముందు పెట్టుకుని అడిగింది.

"ఏమే గ్రేసూ, అద్దంలో వాళ్ళకి గూడా ఉడకబెట్టమంటావా?"

"ఉడకబెట్టు పిన్నీ."

బసవయ్య ప్రెస్‌మీట్ పెట్టి, ప్రైవేటు బడుల నుంచి పిల్లలు తరలివస్తున్నారని ఫ్లెక్సీ కట్టించాడు. అందులోని ఫొటోలో సగం మంది ఎడమచేత్తో బలపం పట్టుకున్నారు. ఎడమచేతి వాటం పిల్లలకు ప్రత్యేక ప్రోత్సాహం అని విలేకరులు రాసుకున్నారు. ఆ సాయంత్రమే బసవయ్య భార్య మనిషిని పంపి బీరువా తలుపు వెనక్కి తెప్పించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ధనుంజయరావు గారు ఆఫీసు సిబ్బందితో స్వయంగా అభినందించడానికి వచ్చారు. బసవయ్య శాలువాతో, అనుచరులతో, విలేకరులతో ఎదురొచ్చాడు. శాలువా సారు భుజం మీద పడేలోపే ఆయన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. సారు చదివి, నుదురు తుడుచుకున్నారు.

"ఇరవై రెండు మందీ భోజనానికి కూర్చున్న ఫొటో ఇప్పుడే కావాలంట. లేకపోతే బడి విలీనం, బాధ్యులపై చర్య. అమ్మా, మిగతా పిల్లలేరీ?"

"తలుపుతో పాటు పోయారు సార్."

వరండాలో మంచినీళ్ళ కుండ దగ్గరున్న జీపు డ్రైవర్ జాన్ సాహెబ్ గ్లాసు దించాడు.

"సార్, యాప్ వయసు అడుగుద్దా?"

"మొహాలే లెక్కపెట్టుద్ది."

పల్నాడు విద్యారంగానికి అవసరమైనప్పుడు వెనకాడే మనిషి కాదు ధనుంజయరావు గారు. బూట్లు విప్పి, ఆస్మా పక్కన మఠం వేసుకుని కూర్చున్నారు. తర్వాత బసవయ్య, సిబ్బంది, జాన్ సాహెబ్, విలేకరులు. ఇద్దరు తక్కువైతే అనుచరులు సర్దుకున్నారు.

ఆస్మా సారు చేతుల వంక చూసింది.

"చేతులు కడుక్కున్నారా సార్?"

సారు లేచి కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

గ్రేస్ ఫొటో తీసింది. యాప్ పచ్చగా వెలిగింది. అందరూ లేవబోతుండగా తెర మీద మరో వాక్యం కనిపించింది. ఆమె దాన్ని బయటికే చదివింది.

"తినడం పూర్తయ్యాక ఖాళీ కంచాలతో రెండో ఫొటో పంపవలెను."

మళ్ళీ కూర్చున్నారు. వీరరాఘవమ్మ వరుసగా అన్నం పెట్టి, పప్పు పోసి, తలా ఒక గుడ్డు వేసుకుంటూ పోయింది. తినేటప్పుడు మాట్లాడకూడదని ఆ బడి గోడ మీద రాసి ఉంది. ఎవరూ మాట్లాడలేదు. ధనుంజయరావు గారు తలొంచుకుని గుడ్డు పెంకు వలిచారు.

బయట రాళ్ళ లారీ ఒకటి పోయింది. ఇరవై రెండు కంచాలూ ఒక్కసారి వణికాయి. ఒక్కరూ తలెత్తలేదు. తింటూనే ఉన్నారు.