కెరటాలకు చూపించిన రేసు కారు

తులసికి అన్నిటికంటే పెద్ద భయం సముద్రం. చేపల వేటకు వెళ్లిన భర్త హరిబాబు ఒకరోజు తిరిగి రాడేమోనన్నది ఆ భయం. ఉరుములూ, వీధికుక్కలూ, చంటిపిల్ల అమ్మడు ఏదైనా మింగేస్తుందేమోనన్న దిగులూ అన్నీ దాని తరవాతే. సముద్రం మీదే బతికే భావనపాడులో మిగతా ఆడవాళ్లకు ఇది విడ్డూరంగా ఉండేది. తులసి తండ్రిది కొత్తవలసలో ఎండుచేపల కొట్టు. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించి కొట్లో కూర్చోబెట్టాడు. పెళ్లయ్యేదాకా ఆమె చూసిన చేపలన్నీ ఎండినవే.

అందుకే నరసన్నపేటలో మెకానిక్ షెడ్డు నడిపే తిరుమలరావు కబురు ఆమె చెవులకు చల్లగా తగిలింది. ఆయనా, ఆయన స్నేహితులూ కలిసి సరదాకి ఒక రేసు పెట్టారు. పాత ఇనుముతో చేసిన బండ్లే అందులో పరిగెత్తాలి. చేతిలో పనితనం ఉన్నవాడు కనిపిస్తే షెడ్డులో పెట్టుకుంటానని కూడా అన్నాడు. షెడ్డులో పనంటే నేలమీద పని. తులసికి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

హరిబాబు వేట లేని ప్రతిరోజూ కారు మీద పడ్డాడు. తుక్కు కొట్టులోంచి పాత వ్యాను ఇంజను తెచ్చాడు. విరిగిపోయిన ట్రాలీ ఆటో చట్రానికి దాన్ని బిగించాడు. చేపల ట్రేలు కోసి సీట్లు చేశాడు. పడవ ఇంజనుకు చేసినట్టే పొగగొట్టాన్ని నెత్తికంటే ఎత్తుకు లేపి, వైర్లన్నిటికీ రబ్బరు గొట్టాలు తొడిగాడు. ఒక కర్ర ఇంజనుకు ఆనించి రెండో కొస చెవిలో పెట్టుకుని అతను కళ్లు మూసుకుంటే, తులసి వంట ఆపి మరీ చూసేది. దేవుడి పాట వింటున్నవాడి మొహంలా ఉండేది ఆ మొహం.

స్టీరింగు ఒక్కటే ఎక్కడా దొరకలేదు. చేతికి అలవాటైన పడవ చుక్కానే తెచ్చి పెట్టేశాడు. పిడి ఎడమకు తోస్తే బండి కుడికి పోతుంది. తులసికి ఆ సంగతి తెలియదు, ఆమె ఏనాడూ పడవ ఎక్కలేదు. ఆమె చేసిన పనల్లా పాత తెప్ప విప్పితే వచ్చిన పెద్ద పెద్ద థర్మోకోల్ దిమ్మల్ని కారు చుట్టూ వలతాడుతో బిగించడం. ఎక్కడైనా గుద్దుకుంటే దెబ్బ తగలకూడదు కదా. హరిబాబు నవ్వి ఊరుకున్నాడు.

ఆ పొద్దున్న అనుకున్నది చాలా చిన్న పని. తిరుమలరావు చూడ్డానికి వస్తానన్నాడు. ఆయన వచ్చేలోపు ఇసుకలో సరుగుడు తోటదాకా ఒకసారి వెళ్లొచ్చి, చద్దన్నం తినాలి. తులసికి మనసొప్పక, చక్రం కింద పెట్టడానికి ఒక నిమ్మకాయ ఇవ్వమని అత్తగారు తాతమ్మను అడిగింది. అంతే.

"నిమ్మకాయేటే, సోడాకొట్టు రిక్షాకి పెట్టినట్టు," అంది తాతమ్మ. "మా ఇంట్లో కట్టిన బండి ఏదైనా ముందు గంగమ్మకి సూపించాల. మూడు కెరటాలు ముక్కుకి తగలాల. నీకు తెల్దులే."

ముసలావిడ పసుపు కలిపింది. వేపమండలు కట్టింది. పక్కింటి దాలమ్మ ఆ వేపమండలు చూసి, హరిబాబు కొత్త పడవ దింపుతున్నాడని వీధంతా చెప్పింది. డప్పులు వచ్చాయి. మగవాళ్లు వచ్చారు. వచ్చాక అది పడవ కాదని చూశారుగానీ, పట్టుకున్న తాడు వదలడం వాళ్లకు చేతకాదు. కారు ముందున్న కమ్మీకి తాడు కట్టి, హైలెస్సా అంటూ లాగారు. ఇద్దరు తాడు కొస పట్టుకుని కెరటాల్లోకి దిగారు. "ఒరే, ఇది రేసుకారురా," అని హరిబాబు సీట్లో కూర్చుని చెబుతూనే ఉన్నాడు. డప్పుల్లో ఎవరికీ వినబడలేదు.

మొదటి కెరటం తగిలింది. రెండోది తగిలింది. మూడోదానికి హరిబాబు ఇంజను వేశాడు. రివర్సు గేరు పాడైపోవడంతో మెల్లగా చుట్టు తిప్పి ఒడ్డుకు వద్దామని అతని ఆలోచన. బండి బాగానే తిరుగుతోంది. అప్పుడు తులసికి వెనకాల లేస్తున్న పెద్ద కెరటం కనిపించింది. పిల్లను దాలమ్మ చేతిలో పడేసి, పరిగెత్తి, కారులోకి దూకి, చుక్కాని పిడిని బలమంతా పెట్టి ఊరివైపు తోసింది.

కారు తిన్నగా సముద్రంలోకి పోయింది.

"ఏటి సేసినావే," అన్నాడు హరిబాబు.

"ఇంటికి తిప్పినాను బావా," అంది తులసి కళ్లు మూసుకుని.

మునగలేదు. థర్మోకోల్ దిమ్మలు బండిని పైకెత్తాయి. చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటే కారు బాతులా ఊగుతూ ముందుకు కదిలింది. ఇంజను చప్పుడు మారలేదు. ఏ సముద్రానికి భర్తను దూరం చేయాలని ఇంత చేసిందో, అదే సముద్రం మీద అతని చొక్కా పట్టుకుని కూర్చుంది తులసి. కళ్లు తెరిచి చూస్తే, హరిబాబు తల వంచి ఇంజను చప్పుడు వింటున్నాడు. ఆ మొహం చూశాక ఆమె పట్టు కొంచెం సడలింది.

సరిగ్గా అప్పుడే తిరుమలరావు ఒడ్డున దిగాడు. డప్పులు ఆగిపోయాయి. ఆయన సముద్రంలో ఉన్న కారునీ, అందులో ఉన్న మొగుడూపెళ్లాల్నీ చాలాసేపు చూశాడు. తాతమ్మ మాత్రం చలించలేదు.

"మావోడు బండి సేస్తే నీటిమీద కూడా ఆడతాది బాబూ," అంది.

తాడు ఇంకా కమ్మీకే ఉంది కాబట్టి మగవాళ్లు కారును వెనక్కి లాగారు. ఇసుక మీదికి వచ్చాక కూడా ఇంజను నడుస్తూనే ఉంది. తులసి దిగి, పిల్లను తీసుకుని, ఏడవడానికి సిద్ధంగా నిలబడింది. పని పోయిందనీ, తన చేతులతోనే దాన్ని తోసేసుకుందనీ ఆమెకు అర్థమైపోయింది.

తిరుమలరావు కారు చుట్టూ తిరిగాడు. రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటీ ముట్టుకున్నాడు. రేసుకు ఇది పనికిరాదని, చుక్కానితో తిరిగే బండిని తన స్నేహితులు ఒప్పుకోరని చెప్పాడు.

"అయితే ఉప్పునీళ్లు తాగి కూడా ఆగని ఇంజను నేనింతవరకు సూళ్లేదు," అన్నాడు. "రేపట్నించి షెడ్డుకి రా. ఆ థర్మోకోల్ కట్టినోళ్లెవరో, ఆ ముడులు కూడా బాగున్నాయి."

ఇప్పుడు హరిబాబు రోజూ మోటారుసైకిలు మీద నరసన్నపేట వెళ్లి వస్తున్నాడు. తులసికి సముద్రం భయం పోయి, ఆ చోట్లో హైవే లారీలు వచ్చి కూర్చున్నాయి. మీరెవరైనా అటు వెళ్తుంటే షెడ్డు దగ్గర ఒక్క క్షణం ఆగి, అతను క్షేమంగా చేరాడో లేదో చూసి కబురు చెప్పండి. కుడికి తిరగాలంటే ఎడమకు తోసే అలవాటు అతనికింకా పూర్తిగా పోలేదు.