రైతమ్మకు పెళ్లికళ

ఫొటోల్లో కళాకారుల ముఖాల మీద ఒక్క ముడతను కూడా దాచరాదని, దాచినవాడు కళాద్రోహి అని వికారాబాద్ మిశ్రమ మాధ్యమ కళాకారుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది! తీర్మానం నా ఫోన్‌కు వచ్చింది. కింద అధ్యక్షురాలు పద్మారాణి గారి పేరు, పక్కన రెండు దండాలు, ఒక పొద్దుతిరుగుడు పువ్వు.

నా పేరు కాశిఫ్. తాండూరులో ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, పాస్‌పోర్ట్ ఫొటోలు నా బతుకుతెరువు. అలాంటి నన్ను పిలిచి, సభ్యులనూ వాళ్ల కళాఖండాలనూ ఫొటోలు తీసి ఒక పుస్తకం కోసం ఇమ్మన్నారు. ఆ పుస్తకం చూసి హైదరాబాద్ గ్యాలరీ ఒకటి, ఒకే ఒక్క కళాఖండాన్ని ఎంచుకుంటుందట. ఆ రోజే నా బోర్డు మీద 'ఆర్ట్ ఫొటోగ్రాఫర్' అని రాయించుకున్నాను. పెయింటు ఆరకముందే నా నడక మారిందని మా ఆవిడ జోయా అంది.

మిశ్రమ మాధ్యమం అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రంగు ఒక్కటే పూస్తే అది బొమ్మ. రంగుతోపాటు గోనె, గొంగడి, బండ ముక్క, పప్పుదినుసు అంటిస్తే అది మిశ్రమ మాధ్యమం. పద్మారాణి గారి 'రైతమ్మ' అలాంటిదే. ముఖమంతా బషీరాబాద్ నల్లమట్టి, ఎండి పగుళ్లిచ్చింది. నుదుట తాండూరు బండ పెచ్చులు, కళ్ల కింద గోనెనార ముడతలు, తల మీద గొంగడి పేలిక, చెంపల మీద చెమటబొట్లుగా కందులు. వెక్కిరించడానికి వెళ్లినవాణ్ణి కెమెరా ఎత్తడం మరిచిపోయాను. చేనులోంచి ఇంటికొచ్చిన మా అమ్మీ గుర్తొచ్చింది. నిజంగా గొప్ప బొమ్మ అది.

"ముడతలే నా భాష, తమ్మీ!" అన్నారు పద్మారాణి గారు. "నన్ను గూడ గట్లనే తియ్యి. ఉన్నది ఉన్నట్టు. మేకప్ ఏం వద్దు."

మేకప్ లేనట్టు కనిపించే మేకప్ వేయడానికి పార్లర్ అమ్మాయి పొద్దుట్నుంచే వచ్చి కూర్చుంది! చెంప మీద కాస్త నల్లమట్టి అద్దారు. ముఖానికి నప్పలేదు. కడిగేసి మోమిన్‌పేట్ ఎర్రమట్టి అద్దారు. సహజత్వం కుదిరింది.

ఫొటోలయ్యాక ఆమె గేటు దాకా వచ్చి గొంతు తగ్గించారు.

"తీర్మానం అందరికి. నాది మాత్రం జర కండ్ల కింద చూడు."

"మేడం, కళాద్రోహం అయితదేమో..."

"జర అంతే! ఎవ్వరికి చెప్పకు."

ఎవరికని చెప్పను? తీర్మానానికి చేతులెత్తిన వాళ్లంతా ఎవరి గేటు దగ్గర వాళ్లు అప్పటికే ఆ మాట చెప్పేశారు. బొంరాస్‌పేట హనుమంతు సారయితే ముడతలు ఉంచమన్నారు, బట్టతల మీద మాత్రం నాలుగు వెంట్రుకలు మొలిపించమన్నారు.

స్టూడియోలో ఫొటోలు దిద్దేది జోయా.

"అజీ, అందరికీ కావాల్నంటున్నరు గద. పెళ్లి సెట్టింగ్ కొట్టేస్త," అంది.

పెళ్లి సెట్టింగ్ అంటే కంప్యూటర్‌లో ఒక్క నొక్కుడు. ఎక్కడ ముఖం కనిపించినా మచ్చ తీసి, ముడత సాపుచేసి, రంగు తేల్చి, పెదవులకు ఎరుపు పూస్తుంది. తాండూరులో ఎన్ని సంబంధాలు కుదిర్చిందో ఆ నొక్కుడు! జోయా నొక్కింది. నేను చూడకుండానే ఫొటోలు పంపేశాను. పుస్తకం అచ్చయింది.

వికారాబాద్‌లో ఆవిష్కరణ సభలో పుస్తకం తెరిచి పేజీ తిప్పాను. ఎడమ పేజీలో పద్మారాణి గారు పాతికేళ్లు తగ్గి నవ్వుతున్నారు. కుడి పేజీలో రైతమ్మ కూడా! కంప్యూటర్‌కు ఏ ముఖమైనా ముఖమే కదా. కందుల్ని పుట్టుమచ్చలనుకుని తీసేసింది. పగుళ్లు పూడ్చేసింది. కరువులో నిలబడ్డ మనిషికి పెళ్లికళ వచ్చేసింది! ఇక బోర్డు దింపుకోవడమే అనుకున్నాను.

ఎవరి కంటా పడలేదు. ఏ సభ్యుడూ తన ఫొటో ఉన్న పేజీ దాటి వెళ్లలేదు మరి. గ్యాలరీ తరఫున వచ్చిన రిత్విక్ గారు ఒక్కరే దాటారు. రైతమ్మ దగ్గర ఆగి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని మైకు అందుకున్నారు.

"రైతును ముడతలతో చూపించడం అందరూ చేసేదే. ఈమె ముడతల్ని నిరాకరించారు! ఏం ధైర్యం! ఈ బొమ్మనే ఎంచుకుంటున్నాం. శుక్రవారానికల్లా పంపండి."

పద్మారాణి గారు అప్పుడు చూశారు కుడి పేజీని. ముఖం పాలిపోయింది. మైకు ఆమె చేతికొచ్చింది. ఇది దిద్దిన ఫొటో అని ఒక్క మాట అంటే రైతమ్మ బతుకుతుంది. కానీ ఎడమ పేజీలో తన ముఖం ఉంది. ఆమె రైతమ్మను చూశారు, తనను చూసుకున్నారు, నన్ను చూశారు.

"అవును," అన్నారు మైకులో. "ముడతలు దాటిపోవాల్నని మస్తు కష్టపడ్డ."

చప్పట్లు!

గురువారం పొద్దున్నే రమ్మని ఫోన్ చేశారు. వెళ్లేసరికి రైతమ్మ నేల మీద వెల్లకిలా ఉంది. పద్మారాణి గారు పక్కన కూర్చుని కందులు గీకి గిన్నెలో వేస్తున్నారు. గోడలకు పూసే లప్పం డబ్బా తెరిచి ఉంది. సగం ముఖం అప్పటికే నున్నబడింది.

"మేడం, వద్దు! తప్పు మాది. నేనే పోయి వాళ్లకు చెప్త," అన్నాను. నా గుండె నిజంగానే తరుక్కుపోయింది.

"చెప్తె నా ఫొటో సంగతి గూడ బయటపడ్తది గద!" అని ఇంకో పగులు పూడ్చేశారు. "జర నన్నొక ఫొటో తియ్యి. పనిచేసుకుంట ఉన్నట్టు. గ్యాలరీవోళ్లు అడిగిండ్రు."

తీశాను. చెంప మీద ఎవరూ అద్దని లప్పం మరక, నిద్రలేక నల్లబడ్డ కళ్ల కింద ముడతలు, వాటిలో కొంచెం తడి. నేను తీసిన వాటిలో అంత మంచి ఫొటో లేదు. కెమెరా ఆమె ముందు పెట్టాను.

చూసుకుని అదిరిపడ్డారు.

"ఛీ! అచ్చం రైతమ్మ లెక్కున్న. తీసెయ్యి!"