ఎడారి వీరుడి పూనకం

జోగులు ఒకసారి పట్టు పట్టాడంటే సముద్రమైనా పక్కకు తప్పుకోవాలి. తప్పుకోనిది ఒక్క ఎరుకమ్మే. ఆవిడ జోగులు పెళ్ళాం.

ఆ ఏడు జోగులు పట్టు వేషం గురించి. పోర్ట్ బ్లెయిర్‌కు తెలుగు సినిమా రావాలంటే పెట్టె ఓడెక్కి రావాలి. అలా వచ్చిన ఒక ఎడారి సినిమా, మరో పెట్టె రాక, వానాకాలమంతా ఆడింది. అందులో హీరో ఎర్ర అంగీ, జడలు కట్టిన జుట్టు, కళ్ళకు కాటుక, నుదుటి మీద నెత్తుటి గాయం, చేతిలో కత్తితో ఇసుకలో నడిచొస్తాడు. ఏడాదిలో సగం రోజులు వానలో నానే జాలరి పేటకు ఎడారి అంటే ఎంత ముద్దో చెప్పలేం.

దాంతో డైలాగుల గోవిందు అధ్యక్షుడుగా అభిమాన సంఘం పుట్టింది. దీవుల్లో ఎడారి లేదు గనక, ఫెరార్గంజ్‌లో కోతలైపోయి నెర్రెలిచ్చిన పొలాన్నే ఎడారి అనుకోమన్నాడు గోవిందు. అక్కడ జరిగే సభకు అందరూ సినిమా వేషాల్లో రావాలి. ఎవరి వేషం గెలిస్తే వాళ్ళు జెట్టీలో కొత్త సినిమా పెట్టెకు మొదటి దండ వేస్తారు. ఆ దండ వెయ్యకపోతే తన బతుకు దండగని జోగులు తేల్చేసుకున్నాడు.

"నానూ వత్తాను మావా," అంది ఎరుకమ్మ. ఆవిడ చేపల బుట్ట పెట్టేది సినిమా హాలు గోడ పక్కనే. లోపలి మాటలన్నీ గోడ దాటి వచ్చి ఆవిడకు కంఠతా వచ్చేశాయి.

"సంఘంలో ఆడోళ్ళకి పర్మిషన్ లేదే."

"ఎవురన్నారు?"

"రూలుంది."

"ఆ రూలు ఎట్టినోడెవుడు?"

"నానే."

ఎరుకమ్మ చేప తోముతున్న చెయ్యి ఆపి మొగుడి వంక చూసింది. "అయితే రేపు సభకి నువ్వూ ఎల్లకు. వలలు కాళీగా వత్తన్నాయి. రేపు తెల్లారి ఆడోళ్ళందరం అమ్మోరిని పిలుత్తన్నాం. ఇంటికాడుండు."

"రేపు గరాచర్మలో నూకన్న భయ్యా పడవ ఇంజిను సూడాలే. సభకెల్తే నీ మీదొట్టు!"

ఆవిడ మళ్ళీ చేప తోమడంలో పడింది. పెళ్ళాం నోరు మూసుకుంటే తాను గెలిచాననుకునే అమాయకుల్లో జోగులొకడు.

తెల్లారేసరికి బోర్లించిన పడవ చాటున హీరో తయారైపోయాడు. అంగీకి ఎరుకమ్మ ఎర్ర పట్టుచీర, జుట్టుకు కొబ్బరి పీచు, కత్తికి సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితం. గాయం కోసం నుదుటి మీద గుప్పెడు కుంకుమ మెత్తాడు. బస్సు స్టాపులో గోవిందు బృందం ఎదురు చూస్తోంది. మధ్యలో పేట దాటితే చాలు.

కుళాయి మలుపు తిరిగాడో లేదో, ఎవరో ఆడమనిషి కేక పెట్టింది.

"ఒలమ్మో! అమ్మోరు వచ్చీసినాది!"

కళ్ళు మూసి తెరిచేలోగా జోగులు నెత్తిన బిందెడు పసుపు నీళ్ళు పడ్డాయి. చుట్టూ పేటలోని ఆడవాళ్ళందరూ, చేతుల్లో వేపమండలు. పేటకు పెద్దదిక్కు ముసలమ్మ సాష్టాంగపడిపోయింది. ఎర్రచీర, విరబోసిన జుట్టు, కుంకుమ, కాటుక, కత్తి. అమ్మోరు కాక మరెవరు?

"నాను జోగుల్ని" అని చెప్పేద్దామనుకున్నాడు. అంటే ఒట్టు తప్పిన సంగతి పెళ్ళానికి తెలుస్తుంది, అమ్మోరి వేషం కట్టి ఆటలాడావా అని ముసలమ్మ చీపురు తిరగేస్తుంది. ఏం చెయ్యాలో తోచక "ఊఁ..." అని ఊగాడు. నిజంగా ఏడుపొచ్చింది.

"తల్లీ, వలలో సేప పడద్దా?" అంది ముసలమ్మ.

"పడద్ది!"

"ఎప్పుడు తల్లీ?"

"రేపే!"

బస్సు హారన్ వినిపించింది. జోగులు అటు రెండడుగులు ఊగాడు. వేపమండలు ఇటు తోశాయి. అప్పుడు ఎరుకమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది.

"నాదొక డౌటు తల్లీ. ఆడోళ్ళు సినిమా సంఘంలో ఉండకూడదని మా ఆయన రూలెట్టాడు. ఆడదానివి, నువ్వేటంటావు?"

అమ్మోరు హారన్ మోగిన వైపు చూసింది. ముసలమ్మ చూస్తోంది.

"ఉండొచ్చు..."

"గట్టిగా సెప్పు తల్లీ, అందరికీ ఇనబడాల. నాను సభకెల్లొచ్చా?"

"ఎల్లొచ్చే!" అని అరిచాడు, వదిలేస్తే తానూ ఉరకవచ్చని.

"ఇన్నారుగా! మరి అమ్మోరి కత్తి నాకు ప్రసాదం. ఈ తడిసిన చీర ఇప్పీసి, అమ్మోరికి పసుపు పంచె కట్టండి. పొద్దు గూకేదాకా ఇంటింటికీ తిప్పి కాళ్ళు కడగాల. ఆచారం తప్పకూడదు."

కత్తి, తడిచీర, కొబ్బరి పీచు ఆవిడ చేతికెళ్ళాయి. వాటి కింద జోగులు బయటపడ్డా, అమ్మోరు పూనింది వీడినేనని ముసలమ్మ మళ్ళీ దణ్ణం పెట్టింది. దూరంగా కండక్టరు "చలో దీదీ, జల్దీ!" అనడం, బస్సు కదలడం అమ్మోరి చెవిన పడ్డాయి. మొదటి గుమ్మంలోనే చెంబెడు నీళ్ళు కాళ్ళ మీద పడుతుంటే జోగులు వలవలా ఏడ్చేశాడు. తల్లికి దయ కలిగిందని ఆ ఇంటావిడ మరో చెంబు పోసింది.

సాయంత్రం ఎరుకమ్మ బస్సు దిగి ఇంటికొచ్చింది. దారిలో గాలికి ఆరిన చీర మీద ఎడారి దుమ్ము, చేతిలో కత్తి.

"ఏటైనాదే?" అన్నాడు జోగులు, ఉబ్బిన పాదాలు పట్టుకుని.

"నాను డైలాగు మొదలెట్టగానే గోవిందు భయ్యా లేచి నిలబడ్డాడు. దండ నాదే మావా."

జోగులుకు కడుపు మండింది, ఆవిడ మొహం చూస్తే ముద్దూ వచ్చింది. "ఇంతకీ నా ఇంజిను..." అని ఏదో అతకబోయాడు.

"నూకన్న భయ్యా కూడా సభకొచ్చాడు, ఒంటె వేషంలో ముందుకాళ్ళుగా," అంది ఎరుకమ్మ చీర మడత పెడుతూ. "నిన్న నువ్వు ఇంజినన్నప్పుడే నా బట్టల పెట్టె తీసి సూసినాను. చీర లేదు. అందుకే బిందె పట్టుకుని కుళాయికాడ కూకున్నాను."

ఆ మొదటి కేక ఎవరి గొంతో జోగులుకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇదంతా ఒకెత్తు, ఆ తర్వాత జరిగింది ఇంకొకెత్తు. మర్నాడు వలలు తెగేటంత చేప పడింది! ముసలమ్మ పేటంతా పోగుచేసి, ఏటా అదే రోజున జోగులు మీదికే అమ్మోరు రావాలని తీర్మానించింది. ఎడారి సభ కూడా ఏటా ఆ రోజే.

అందుకని ఏటా ఆ తెల్లారి ఎరుకమ్మ రెండు పనులు చేస్తుంది. మొగుడికి శ్రద్ధగా పసుపు రాస్తుంది. తర్వాత కత్తి పట్టుకుని బస్సెక్కుతుంది.