విమానం రెక్కకి ఒక నూలు తేడా

వినడం, అర్థం చేసుకోవడం అనే రెండు పాత జబ్బుల నుంచి మనిషిని కాపాడింది ఎవరో తెలుసా? ఫోన్‌లో ఉండే బొటనవేలు బొమ్మ! నవ్వకండి. మా ఇంటి వెనక షెడ్డులో నిజం విమానం తయారవుతోంది, అందులో సగం పని ఈ బొటనవేలి మీదే నడుస్తోంది. కాబట్టి మాట్లాడే అర్హత నాకుంది.

అది లేని రోజుల్లో జనం ఎలా బతికారో! ఎదుటివాడు చెప్పింది చివరిదాకా వినాలట, బుర్రకి ఎక్కించుకోవాలట, ఆపైన నోరు తెరిచి జవాబు కూడా చెప్పాలట. ఎంత వెట్టిచాకిరీ! ఇప్పుడు ఆఫీసులో నలభై పేజీల రిపోర్టు వస్తే నాలుగో సెకనుకి బొటనవేలు పెట్టేస్తాను. చురుకైన కుర్రాడని పేరొచ్చింది. మొన్న అత్తయ్య మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నానని చుట్టాల గ్రూపులో పెడితే పదిహేడు బొటనవేళ్లు పడ్డాయి. కాలు విరిగినందుకా, విరిగిందని చెప్పినందుకా? కట్టు విప్పేదాకా ఆవిడకి ఆలోచించుకోవడానికో పని దొరికింది కదా!

ఇక విమానం సంగతి. డ్రాయింగులు బాబాయివి, దానికోసం పెట్టిన ఫోన్ గ్రూపు నాది, నడపబోయేది అక్క. ఇంట్లో పైలట్ లైసెన్సు ఉన్నది ఆమెకొక్కదానికే. రెక్కల్ని ఒంటికి పట్టి ఉంచే అల్యూమినియం బ్రాకెట్లు మాత్రం వీధి చివర వర్క్‌షాపులో ఫిట్టర్‌గారు చేస్తున్నారు. ఆయన టైప్ చెయ్యరు, గొంతు రికార్డు చేసి పంపుతారు. ఆయన కాక గ్రూపులో పదకొండు మందిమి ఉన్నాం.

మంగళవారం ఆయన దగ్గర్నుంచి ఒకటి వచ్చింది.

"బాబూ, డ్రిల్లు జారిందండీ. ఎడమ రెక్క బ్రాకెట్‌కి బెజ్జం అంచువైపు ఒక నూలు పోయింది. వాడమంటారా, పారెయ్యమంటారా?"

నూలంటే నాకు తెలుసు, దారం. దారప్పోగంత తేడాకి ఇంత మథనపడే మనిషి దొరికినందుకు మురిసిపోయి బొటనవేలు పెట్టాను. నా వెనకే ఇంకో తొమ్మిది పడ్డాయి. అక్క ఊళ్లో లేదు, చూసుకోలేదు.

కాసేపటికి ఇంకోటి. "అంటే వాడమనా, పారెయ్యమనా?"

మళ్లీ పది బొటనవేళ్లు. చూశారా, ఒకే బొమ్మ, రెండు ప్రశ్నలకీ అదే జవాబు! ఇంత పొదుపైన భాష ఇంకెక్కడైనా ఉందా?

శనివారం అక్క వచ్చింది. వర్క్‌షాపులో బ్రాకెట్లు రెండూ బల్ల మీద పెట్టి వెర్నియర్‌తో కొలిచింది. కుడిదానికీ అచ్చం అంతే తేడా.

"ఇదేంటండీ, డ్రిల్లు రెండుసార్లు జారిందా?"

"లేదమ్మా, జారింది ఒక్కసారే," అన్నారు ఫిట్టర్‌గారు. "అందరూ సరేనన్నారు కదా. ఒక రెక్కకి ఒకలా, ఇంకోదానికి ఇంకోలా ఉంటే ఏం బాగుంటుందని రెండోది కూడా అలాగే కొట్టాను."

అక్క నావైపు తిరిగింది. "నూలంటే ఎంతనుకున్నావురా?"

"దారమంత."

"అంగుళంలో ఎనిమిదో వంతురా. మూడు మిల్లీమీటర్ల పైమాటే. అంచు దగ్గర అంత మేర లోహం తగ్గితే బోల్టు దాన్ని చింపుకుని బయటికొస్తుంది. పైన రెక్క ఊడితే నేనెక్కడ దిగాలి, నీ బొటనవేలి మీదా?"

"మరి ఈయనకి ఇంత అనుభవం ఉండి కూడా..." అని నసిగాను. తప్పు నలుగురికీ పంచడంలో నాకు పిసినారితనం లేదు.

ఫిట్టర్‌గారు గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "అది పనికిరాదని నాకూ అనిపించింది బాబూ. అందుకే రెండుసార్లు అడిగాను, మీలో ఒక్కరైనా ఆపుతారని. పదిమంది చదువుకున్నోళ్లు సరేనంటే, ఇంక నాకే తెలీదేమో అనుకున్నా."

అక్క రెండు బ్రాకెట్లనీ తుక్కు డబ్బాలో పడేసి, కొత్త రేకు మీద తనే గీతలు గీయడం మొదలెట్టింది.

నేను మాత్రం మా గ్రూపుని తప్పు పట్టను. ఆయన మా దగ్గర్నుంచి కోరుకున్న మాట "వద్దు". రెండే రెండక్షరాలు. పదిమందిమి పంచుకుంటే మనిషికి ఒకటి కూడా రాదు కదండీ, ఎలా పెడతాం?