దుఃఖానికి వేగ పరిమితి

ఏడుపూ నవ్వూ మనిషికి పుట్టుకతో వచ్చినవే కావచ్చు గానీ, వీధిలోకి అడుగుపెట్టిన మరుక్షణం అవి వీధి భావోద్వేగాల శాఖ ఆస్తి. మిసిసిపీ ఒడ్డున మా ఊళ్లో ఈ మాట కాదన్నవాళ్లు లేరు (అనాలంటే అనుమతి కావాలి).

మా జాజ్ బృందంలో ఏడుగురం. పెద్ద డ్రమ్ము నాది. పెళ్లి, చర్చి పిక్నిక్, విడాకుల విందు, టైర్ల కొట్టు ప్రారంభోత్సవం, దేనికి పిలిచినా మా దగ్గర పాట ఉంది. నిజం చెప్పొద్దూ, చాలావాటికి ఒకటే పాట. నెమ్మదిగా వాయిస్తే చావు, జోరుగా వాయిస్తే పెళ్లి, మధ్యస్థంగా లాగిస్తే టైర్ల కొట్టు.

శాఖవారు మా పాటలన్నీ రాసిమ్మన్నారు, ఏది ఏ భావమో పక్కన చూపించి. ఇచ్చాం. "ఒక పాటకు ఒకే భావం, నకళ్లు తీసేయండి" అంటూ తిప్పి పంపారు. తీసేస్తే ఒక్క పాట మిగిలింది, అదీ విచారం కింద.

ఇంతలో మా బృందంలో ట్రాంబోన్ ఊదే అల్సీద్ పోయాడు. మా వాళ్లలో శవాన్ని నెమ్మదిగా, ఏడుస్తూ తీసుకెళతారు. అప్పుడు చిన్న డ్రమ్ము మోగీ మోగనట్టుండేలా దాని గొంతు నొక్కుతూ ఒక చేతిరుమాలు ఉంటుంది. సమాధి అయ్యాక ఆ రుమాలు లాగేసి, అదే పాటకు గొడుగులు తిప్పుతూ, ఎగురుతూ వెనక్కి వస్తారు. అలా ఎగరకపోతే పోయినవాణ్ణి సాగనంపినట్టే కాదు. అల్సీద్ భార్య ఓదీల్ మమ్మల్ని వెంటేసుకుని శాఖకు వెళ్లింది.

"అమ్మా, మీకు విచారం మంజూరైంది. సంతోషానికి వేరే దరఖాస్తు" అన్నాడు సహాయ పర్యవేక్షకుడు గిడ్రీ.

"అదెప్పుడొస్తుంది నాయనా?"

"మార్డీ గ్రా పండగ రద్దీ తగ్గాక."

"అందాకా ఆయన్ని ఐసులో పెట్టుకుని కూర్చోమంటావా? ఏడుపు మొహం కనపడితే ఇంట్లోంచి లేచి బయటికెళ్లిపోయేవాడయ్యా ఆ మనిషి! ఆడిపాడి పంపిస్తానని మాటిచ్చాను."

"మీ బాధ నాకు అర్థమైందమ్మా. దానికైతే అనుమతి ఉంది కదా."

అంత్యక్రియల నాడు గిడ్రీ స్వయంగా మా వెనకే నడిచాడు. సమాధి అయింది. చిన్న డ్రమ్ము వాయించే సిప్రియన్ రుమాలు లాగాడు. గిడ్రీ చెయ్యెత్తాడు.

"ఇల్లు చేరేదాకా విచారమేనండీ."

ఓదీల్ మొహం చిన్నబోయింది. ఆ రోజు ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. సిప్రియన్ చేతిలోని రుమాలు తీసుకుని కళ్లు తుడుచుకుంది. తర్వాత గొడుగు విప్పింది.

"సరే నాయనా, విచారమే. నా విచారం నడక కాస్త హుషారు. ఇంత వేగమే ఉండాలని మీ రూల్సులో ఎక్కడన్నా ఉందా?"

గిడ్రీ పేజీలు తిరగేశాడు. లేదు.

"ఇంకేం చూస్తార్రా, కానివ్వండి!" అంది ఓదీల్.

ఒళ్లు మరిచి విచారించాం. గిడ్రీ నివేదిక మేం తర్వాత చూశాం: "మృతుని బంధువులు పట్టరాని దుఃఖంతో గొడుగులు తిప్పారు. కొందరు ఆపుకోలేక పోలీసు కారు ఎక్కి ఎగిరారు. ఒక పెద్దాయన వేయించిన చేప తింటూ కుమిలిపోయాడు." (గిడ్రీ కుడికాలి బూటు కూడా చాలాసేపు విచారించింది. అది రాయలేదు.)

ఇంత నాణ్యమైన దుఃఖాన్ని శాఖ ఎన్నడూ చూడలేదు. వెంటనే దాన్నే ప్రమాణంగా ఖాయం చేసింది. అంతకన్నా నెమ్మదిగా ఉన్నది ఏదైనా విచారం కాదు.

చలికాలంలో ఓదీల్ పోయింది.

ఆమెకోసం ఒక్క వీధైనా నెమ్మదిగా వాయిద్దామనుకున్నాం. సిప్రియన్ డ్రమ్ముకు అదే రుమాలు పెట్టాడు. చర్చి మెట్ల దగ్గరే గిడ్రీ ఎదురొచ్చాడు, కళ్లు తుడుచుకుంటూ.

"ఇది విచారం కిందకి రాదండీ. మరీ నెమ్మది."

"మరేంటయ్యా ఇది?" అన్నాడు సిప్రియన్.

"టైర్ల కొట్టుకి కూడా చాలదు."

చేసేది లేక ఓదీల్‌ను ఎగురుకుంటూనే తీసుకెళ్లాం. సమాధి దగ్గర నా వల్ల కాలేదు. డ్రమ్ము మీద చెయ్యి ఆగిపోయింది. గిడ్రీ పక్కకొచ్చి, నొచ్చుకుంటూనే చెవిలో చెప్పాడు.

"అలా నిలబడిపోకండి సార్. ఎవరన్నా చూస్తే సంతోషంగా ఉన్నారనుకుంటారు."